మిరప టిక్కీల కింద కణాల లెక్క

రిటైరై చాలా ఏళ్ళయింది. అయినా ఏడాదికోసారి ఎవరో ఒక కొత్త లెక్చరరు ఫోన్ చేస్తాడు. "మేడమ్, అంతరిక్షంలో షాక్ తరంగాల మీద గుంటూరులో కూర్చుని పరిశోధన చేశారట గదా, ఎట్టా చేశారో కాస్త రాసిపెట్టండి" అంటాడు. ఎట్టా చేశామో నిజం చెబితే మళ్ళీ ఆ పని జోలికి రారని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇప్పుడు నాకు మోకాళ్ళూ పోయాయి, మొహమాటమూ పోయింది. అందుకని రాస్తున్నాను.

ప్రమోషన్ల గురించి రాయను. ఎప్పుడు రీడర్నయ్యానో, ఏ కమిటీలో కూర్చున్నానో మీకెందుకు? ఒక గది, ఒక యంత్రం, ఒక మనిషి గురించి మాత్రం చెబుతాను.

గదీ, గొట్టాలూ

మా కాలేజీ నల్లపాడు వైపు, ఊరి చివర. తొంభైల ఆఖర్లో మా హెడ్డు రామబ్రహ్మం గారు ఢిల్లీ చుట్టూ తిరిగి తిరిగి ఒక కణాల కౌంటరు సంపాదించుకొచ్చారు. మనిషి ఎత్తున్న ఆరు గొట్టాలు, వాటి నిండా ఒక రకం వాయువు. అంతరిక్షం నుంచి వచ్చే కణాలు పైన గాలిని గుద్దుకుంటే ఆ దెబ్బకి న్యూట్రాన్లు పుడతాయి. అవి కిందకి దిగి మా గొట్టాల్లో పడితే టిక్కుమని ఒక లెక్క పడుతుంది. గంటకి ఎన్ని పడ్డాయో కంప్యూటరు రాసిపెడుతుంది. అంతే. దీనికోసమా ఇంత హడావుడి అని మా అత్తగారు చివరిదాకా అడుగుతూనే ఉండేది.

యంత్రం చుట్టూ మందంగా మైనపు తొడుగు వేయాలి. చుట్టుపక్కల వస్తువులు లెక్కని పాడుచేయకుండా ఉండటానికి అది. "మైనం తర్వాత చూద్దాంలేమ్మా అన్నపూర్ణా, ముందు నడవనీ" అన్నారు రామబ్రహ్మం గారు. సరే అన్నాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి నా మొదటి మాట ఇదే: తర్వాత చూద్దాం అన్నది ఎవరూ తర్వాత చూడరు.

ఆ యంత్రం దగ్గర నా పనిలో సగం సైన్సు కాదు. కరెంటు పోతే బ్యాటరీలు చూడటం, బ్యాటరీల్లో నీళ్ళు పోయడం, కరెంటు పెట్టెలో బల్లి పడి మాడి చస్తే దాన్ని చీపురుపుల్లతో బయటికి లాగడం. ఎండాకాలం ఆ గది కుంపటి. మధ్యాహ్నం డబ్బా విప్పితే పెరుగన్నం పులిసిపోయి ఉండేది. అంతరిక్షం అంటే నక్షత్రాలు చూస్తూ కూర్చోవడం అనుకునేవాళ్ళు దయచేసి వేరే ఉద్యోగం చూసుకోండి.

తుపానూ, విలేకరీ

మా హెడ్డు గారు మంచి మనిషే, కానీ తొందర మనిషి. మొదటి ఏడాది కార్తీకంలో ఒక రోజు లెక్క పెరగడం మొదలుపెట్టింది. సాయంత్రానికి బాగా పెరిగింది. ఆయన వెంటనే పేపరు విలేకరిని పిలిచి, సూర్యుడి మీద పేలుడు జరిగిందనీ, దాని కణాలు గుంటూరుకి చేరాయనీ చెప్పేశారు. ఫొటో కూడా వేశారు.

తీరా చూస్తే చీరాల అవతల సముద్రంలో వాయుగుండం. గాలి ఒత్తిడి తగ్గితే అడ్డంపడే గాలి తగ్గినట్టే, కాబట్టి కిందకి దిగే కణాలు పెరుగుతాయి. ఆ తేడా సరిచేయాల్సిన బారోమీటరు ముల్లు ఇరుక్కుపోయింది. అది చూసుకోవాల్సింది నేను. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. "పేపరు రేపటికి పొట్లాలు కట్టుకోవడానికి పనికొస్తుందిలేమ్మా" అన్నారు. ఆ రోజు ఆయన నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. తప్పు చేసినా నడిచిపోతుందని నేర్చుకున్నాను అక్కడ.

షాక్ దగ్గర ఏం జరుగుతుంది

ఇంతకీ మేము వెతికిందేమిటో చెప్పాలి.

సూర్యుడి మీద నుంచి అప్పుడప్పుడు పెద్ద వాయువు ముద్ద ఊడిపడి, విపరీతమైన వేగంతో దూసుకొస్తుంది. దాని ముందు ఒక షాక్ తరంగం నడుస్తుంది. అంతరిక్షంలో ఉన్నదంతా చాలా పలచన. అక్కడ కణాలు ఒకదాన్నొకటి గుద్దుకోవు. వాటిని వెనక్కి తిప్పేది చిక్కుపడిన అయస్కాంత క్షేత్రం. విద్యుదావేశం ఉన్న కణం ఆ చిక్కులో దూరి, దారి తప్పి, వచ్చినవైపే తిరిగిపోతుంది.

ఎదురొచ్చే బస్సు మీదకి రబ్బరు బంతి విసిరి చూడండి. మీరు విసిరిన వేగం కంటే ఎక్కువ వేగంతో తిరిగొస్తుంది. షాక్ దగ్గరా అదే. కణం షాక్‌ని దాటుతుంది, వెనకున్న చిక్కుల్లో తిరిగి ముందుకొస్తుంది, వచ్చేటప్పుడు కాస్త శక్తి పుంజుకుంటుంది. ముందున్న చిక్కులు దాన్ని మళ్ళీ షాక్ మీదకి తిప్పుతాయి. మళ్ళీ కాస్త. ఒక్కో విడతకి దక్కేది పిసరంత. కానీ ప్రతి విడతలోనూ కొన్ని కణాలు వెనకబడి కొట్టుకుపోతాయి, ఇక తిరిగిరావు. వేలసార్లు తిరిగి నిలిచేవి బహు కొద్ది. పెద్ద శక్తి ఉన్న కణాలు అంత అరుదుగా ఉండటానికి కారణం ఇదే.

భూమి మీద కూర్చున్నవాడికి ఇది ఇట్టా కనపడుతుంది. షాక్ ఇంకా రాకముందే, దాని దగ్గర అటూ ఇటూ తిరిగి శక్తి పెంచుకున్న కణాలు ముందుగా వస్తాయి, లెక్క కాస్త పెరుగుతుంది. షాక్ దాటగానే దాని వెనకున్న చిక్కు, నక్షత్రాల వైపు నుంచి ఎప్పుడూ వచ్చే బయటి కణాలకి అడ్డుపడుతుంది, లెక్క ధబేలున పడిపోతుంది. తర్వాత పది పదిహేను రోజుల్లో మెల్లగా కోలుకుంటుంది. చిన్న మిట్ట, పెద్ద గొయ్యి, పొడుగాటి ఎక్కుడు.

మనం భూమధ్యరేఖకి దగ్గర్లో ఉన్నాం కాబట్టి, భూమి అయస్కాంతం మామూలు కణాల్ని ఇక్కడికి రానివ్వదు. బాగా శక్తి ఉన్నవే దిగుతాయి. అందుకని గుంటూరులో ఆ మిట్ట కనపడితే, షాక్ కణాలకి అందరూ అనుకున్నదానికంటే చాలా ఎక్కువ శక్తి ఇస్తోందని అర్థం. కనపడితే పెద్ద వార్తే.

వెంకటేశ్వర్లు

వెంకటేశ్వర్లు నా దగ్గర పిహెచ్‌డీకి చేరేటప్పటికి ముప్పై ఆరేళ్ళవాడు. పర్చూరు దగ్గర వ్యవసాయ కుటుంబం. అక్కడే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పొద్దున క్లాసులు చెప్పి, బస్సెక్కి, మధ్యాహ్నానికి మా దగ్గరికి వచ్చేవాడు. చొక్కా మీద బస్సు దుమ్ము అట్టాగే ఉండేది. గవర్నమెంటు లెక్చరరు పోస్టుకి వయసు పరిమితి దగ్గరపడుతోంది. ఆలోపు డాక్టరేటు చేతికి రావాలి. వస్తే జీవితం ఒడ్డున పడుతుంది, రాకపోతే ఆ ప్రైవేటు కాలేజీలోనే గొంతు అరగదీసుకోవాలి. ఈ సంగతి అతనూ దాచలేదు, నేనూ మర్చిపోలేదు.

పనిమంతుడు. నేను కంప్యూటర్లో అంకెలు చూసేదాన్ని, అతను గదిలోకి వెళ్ళి యంత్రాన్ని చెవితో వినేవాడు. "మూడో గొట్టం గొంతు మారిందండి" అనేవాడు. నిజంగానే మారి ఉండేది.

ఆ మార్చి నెల

ఆ ఏడు మిరప ధర పడిపోయింది. రైతులెవరూ అమ్మడం లేదు, కోల్డ్ స్టోరేజీలన్నీ నిండిపోయాయి. ఒక గురువారం వెంకటేశ్వర్లు నా టేబులు ముందు నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు.

"ఏందయ్యా?"

"మా నాన్న అరవై టిక్కీలు తోలుకొచ్చాడండి. మార్కెట్ యార్డులో ధర లేదు, స్టోరేజీలో చోటు లేదు. మబ్బు పట్టింది. ఒక్క పదిహేను రోజులు మన పైగది…"

టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోనెబస్తా. పైగది అంటే మా యంత్రం ఉన్న గదికి సరిగ్గా నెత్తిమీద ఉన్న గది. అందులో విరిగిన బెంచీలు, ఏళ్ళనాటి జవాబు పత్రాల కట్టలు పడి ఉండేవి. తాళంచెవి నా దగ్గరే. ఇచ్చాను. తడిసిపోయే కాయని చూస్తూ కాదనడానికి నేనూ రైతుబిడ్డనే.

శుక్రవారం బెంచీలు, కాగితాల కట్టలు కిందకి దించారు. శనివారం ట్రాక్టరు మీద టిక్కీలొచ్చాయి. తర్వాత ధర కాస్త లేచినప్పుడల్లా పదీ పన్నెండూ యార్డుకి తోలుకుంటూ పోయారు. ఆ రెండు వారాలూ కింద గదిలో తుమ్ములే తుమ్ములు.

అదే వారం సూర్యుడి నుంచి ఓ మోస్తరు షాక్ నిజంగానే వచ్చింది. ఉపగ్రహాల సమాచారం ఇంటర్నెట్‌లో చూశాం. పరుగున వచ్చి మా అంకెలు గీశాం. శుక్రవారం చిన్న మిట్ట. శనివారం పెద్ద గొయ్యి. ఆపైన మెల్లగా ఎక్కుడు. పుస్తకంలో బొమ్మ ఎట్టా ఉంటుందో అట్టాగే ఉంది. షాక్ వచ్చిన వేళకీ మా గొయ్యికీ మూడు గంటలు తేడా వచ్చింది. దానికీ ఒక వివరణ అల్లుకున్నాం. కావాలనుకున్నవాడికి వివరణలకేం కొదవ?

జూన్ నెలలో వ్యాసం రాస్తుంటే వెంకటేశ్వర్లు పెన్ను పక్కన పెట్టి అడిగాడు. "మేడమ్, లెక్క పడిపోయింది మా టిక్కీలు ఎక్కించిన రోజే గదండీ. దానికీ దీనికీ ఏమన్నా…"

నేను నవ్వాను. "ఏమయ్యా, ఎక్కడో నక్షత్రాల దగ్గర్నుంచి వచ్చిన కణాన్ని మీ నాన్న మిరపకాయలు ఆపుతాయా?"

అక్కడే ఉన్న రామబ్రహ్మం గారు కూడా నవ్వారు. "రాయి రాయి, వ్యాసంలో ఘాటు కూడా రాయి" అన్నారు. వెంకటేశ్వర్లు చెవులు ఎర్రబడ్డాయి. మళ్ళీ పెన్ను తీసుకున్నాడు.

నీళ్ళు, మైనం, కర్ర, కాగితం లాంటివి న్యూట్రాన్లని సీసం కన్నా బాగా ఆపుతాయని డిగ్రీ మూడో ఏడాదికి ఏటా పాఠం చెప్పేదాన్ని నేను. పరీక్షలో రాయకపోతే మార్కులు కోసేదాన్ని. అరవై బస్తాల మిరపకాయలు ఆ జాబితాలోకే వస్తాయని నాకు తట్టలేదు. తట్టినవాడి నోరు మూయించాను.

దిగిరాని అంకె

వ్యాసం పత్రికవాళ్ళు ఒప్పుకున్నారు. దాని మీదే నిలబడ్డ థీసిస్ టైపింగ్ అయిపోయింది. జనవరిలో ఏడాది సగటులు వేస్తున్నాను. మామూలుగా గొయ్యి పడిన లెక్క కోలుకుని పాత మట్టానికి వచ్చి ఆగాలి. మాది పాత మట్టం దాటి కాస్త పైన ఆగింది. నెలలు గడిచినా దిగలేదు.

గొట్టాలు చూశాను, వోల్టేజీ చూశాను, ముల్లు ఇరుక్కుందేమోనని బారోమీటరు తట్టి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. పైన ఎక్కడైనా నీళ్ళు కారుతున్నాయేమోనని మెట్లెక్కి తలుపు తీశాను. గది ఖాళీ. నేలమీద బెంచీల కాళ్ళ మచ్చలున్నాయి, గోడవారన కాగితాల కట్టలున్నచోట సున్నం ఇంకా తెల్లగా ఉంది. ఆ బెంచీలు సైకిల్ షెడ్డుకి పోయాయి, కాగితాలు పాతసామాన్లవాడు పట్టుకుపోయాడు. అవి తిరిగి రాలేదు, కాబట్టి లెక్కా పాత మట్టానికి తిరిగి రాలేదు.

అక్కడే మెట్లమీద కూర్చుండిపోయాను. శుక్రవారం బెంచీలు దించితే మిట్ట. శనివారం టిక్కీలు ఎక్కిస్తే గొయ్యి. పదేసి బస్తాలు యార్డుకి పోతుంటే ఎక్కుడు. మా అంకెల్లో షాకూ లేదు, నా మొహమూ లేదు. తాళంచెవి ఇచ్చింది నేను. కాదని నవ్వింది నేను.

"నీ ఇష్టం"

ముందు హెడ్డు గారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"ఊరుకోమ్మా. ఎవడొచ్చి మన మేడ మీద బస్తాలు లెక్కపెడతాడు? ఆ అబ్బాయి వయసు చూడు."

ఆయన చెడ్డవాడై అనలేదు. నాకూ అదే అనిపించింది, అందుకే రెండు రోజులు నోరు విప్పలేదు. మూడో రోజు వెంకటేశ్వర్లుని కూర్చోబెట్టి అంకెలన్నీ ముందుపెట్టాను. తేదీలు అతనే చెప్పాడు, వేలు పెట్టి ఒక్కొక్కటే చూపిస్తూ. జూన్ సంగతి ఎత్తలేదు. ఎత్తి నన్ను కడిగేసినా బాగుండు.

"ఏం చేద్దామండి?" అన్నాడు.

గైడుని నేను. వెనక్కి తీసుకుందాం, తప్పు నాది, నేను రాసిస్తాను అని చెప్పాల్సింది. ఆ మాట గొంతుదాకా వచ్చింది. బయటికొచ్చింది మాత్రం వేరే మాట. "నీ ఇష్టమయ్యా, నీ భవిష్యత్తు."

ఇంతకంటే పిరికిమాట నా సర్వీసులో నేను అనలేదు. చేతిలో అధికారం ఉన్నవాళ్ళు కిందివాడితో నీ ఇష్టం అన్నారంటే, బరువు వాడి నెత్తిన పెట్టి చేతులు దులుపుకుంటున్నారని తెలుసుకోండి.

అతను అంకెల కాగితాలు దొంతిగా పేర్చాడు. "మా నాన్న ఏనాడూ నీళ్ళు చల్లిన కాయ యార్డుకి తోలలేదండి. తూకం పెరుగుతుందని అందరూ చల్లేవాళ్ళే. ఆయన చల్లలేదు. నేనెట్టా తోలను?"

వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం రాశాం. రాసింది నేనే. "పరిసరాల ప్రభావాన్ని తర్వాత గమనించాం" అని రాశాను. ఆ 'తర్వాత' అబద్ధం. వెంకటేశ్వర్లు చదివి, నా పేరు కింద సంతకం పెట్టాడు.

మళ్ళీ మొదటికి

మైనం అప్పుడు కొన్నాం. గాడిపొయ్యి మీద కరిగించి, పలకలుగా పోసి, గొట్టాల చుట్టూ పేర్చాం. మరుసటి ఏడు మిరప సీజన్లో వెంకటేశ్వర్లు ఈసారి కావాలనే టిక్కీలు తెప్పించాడు. ఒక్కో వరస పేర్చడం, లెక్క చూడటం, మైనం తీసి మళ్ళీ చూడటం. ఎన్ని టిక్కీలకి లెక్క ఎంత తగ్గుతుందో గీత గీసినట్టు తేల్చాడు. చక్కటి పని. ప్రపంచంలో ఎవరికీ అక్కర్లేని పని.

మైనం వేశాక వచ్చిన షాకుల్లో చిన్న చిన్న గోతులు కనపడ్డాయి, ఉండాల్సినంతే. ఆ మిట్ట మాత్రం మాకు ఒక్కసారీ కనపడలేదు. షాక్ దగ్గర కణాలు శక్తి పుంజుకుంటాయన్నది నిజమే, లోకమంతా ఒప్పుకున్నదే. మా గదిలో మాత్రం అది పట్టుబడలేదు. పరిశోధన అంటే చాలామందికి మిగిలేది ఇదే, ముందే తెలిసి రండి.

ఇదంతా కావడానికి మూడేళ్ళు పట్టింది. రెండో ఏడాదిలోనే వెంకటేశ్వర్లుకి ఆ పోస్టు వయసు దాటిపోయింది. దరఖాస్తు ఆఖరి తేదీ వెళ్ళిన రోజు కూడా పనికి వచ్చాడు. నాకు అతని మొహం చూడబుద్ధి కాలేదు. బ్యాటరీల్లో నీళ్ళు పోసే వంకతో వెనక వరండాలోకి వెళ్ళిపోయాను.

వైవా

వైవాకి పై రాష్ట్రం నుంచి ఒక పెద్దాయన పరీక్షకుడిగా వచ్చారు. థీసిస్ ఆయనకి నచ్చింది. ఉన్న ఫలితాన్ని వదులుకుని తప్పు ఒప్పుకున్నవాళ్ళు అరుదని మెచ్చుకున్నారు. హాల్లో మా స్టాఫంతా ఉన్నారు, విద్యార్థులున్నారు. చివర్లో ఆయన అడిగారు. "ఈ బస్తాల అనుమానం ముందుగా ఎవరికి వచ్చింది?"

వెంకటేశ్వర్లు నా వైపు చూడలేదు. "మా మేడమ్ గారికండి" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పెద్దాయన నాకు నమస్కారం పెట్టారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. వినయం అనుకున్నారు.

అందరూ టీలకి వెళ్ళాక వరండాలో అతన్ని పట్టుకున్నాను. "ఎందుకయ్యా అట్టా చెప్పావు?"

"నాకు తట్టిందని చెబితే, మరి అప్పుడే ఎందుకు ఆపలేదని అడుగుతారు గదండీ. అప్పుడు మీ మాట చెప్పాల్సొచ్చేది. నాకెట్టాగూ వయసు దాటిపోయింది. మీకింకా నాలుగేళ్ళ సర్వీసుంది."

కోపంగా అనలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. పర్చూరు బస్సుకి వేళవుతోందని టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ నాలుగేళ్ళూ గౌరవంగానే చేశాను. తప్పు పట్టుకున్న గైడని నన్ను రెండు మూడు చోట్ల ప్రసంగాలకి పిలిచారు. వెళ్ళాను కూడా. వెంకటేశ్వర్లు ఆ ప్రైవేటు కాలేజీలోనే పనిచేశాడు, ఒక్కసారీ నా ముందు ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజు హాల్లో చప్పట్లు కొట్టినవాళ్ళు చాలామంది ఇంకా ఉన్నారు. వాళ్ళు చదువుతారనే ఇది రాశాను. జూన్ నెలలో అడిగింది వెంకటేశ్వర్లు. నవ్వింది నేను.